ఎదిగే పిల్ల గౌను

ఆడపిల్లకి గౌను కుట్టించడానికి వచ్చిన ఏ తల్లయినా నాతో ఒకే మాట అంటుంది. ఎదిగే పిల్ల, కింద కాస్త మడత వదలండి అని. గుడ్డ సరిపోదన్నా వినరు, నేనేదో దాచుకున్నట్టు బతిమాలతారు. సరేనని వదులుతాను. పిల్ల పొడుగైనప్పుడల్లా ఒక మడత విప్పుకుంటే అదే గౌను ఇంకొంతకాలం వస్తుంది.

మా పెద్దదానికి నీలం గౌను కుట్టినప్పుడు మూడు మడతలు వదిలాను. పిల్ల అది తొడుక్కోకుండానే జ్వరమొచ్చి చనిపోయింది. గౌనుని కొట్టు వెనక భాగంలో, మేం ఉండే గదికి అడ్డంగా కట్టిన తెర పక్కన మేకుకి తగిలించాను. తీసెయ్యమని మా ఆవిడ అనలేదు, నేనూ తియ్యలేదు. మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది, అంతే. ఎవరొస్తే వాళ్ళ కొలతలు తీసేవాణ్ణి, కత్తిరించేవాణ్ణి, కుట్టేవాణ్ణి.

కొన్నాళ్ళకి చూస్తే ఆ గౌనుకి ఒక మడత విప్పి ఉంది. దారం తెంపినట్టు లేదు, ఒక్కొక్క కుట్టూ ఓపిగ్గా ఊడదీసినట్టుంది. మా ఆవిడ పనేమో అనుకున్నాను. ఆవిడ నా పని అనుకుంది. ఇద్దరం మాట్లాడుకునేసరికి రెండో మడత కూడా విప్పి ఉంది.

అప్పటికే మా చిన్నది తన గౌను తనే తొక్కుకుని పడుతోంది. మోకాళ్ళ దాకా ఉండేది పాదాల మీదికి వచ్చింది. గుడ్డ సాగిందనుకున్నాను. ఎందుకైనా మంచిదని టేపు పెట్టి చూశాను. గుడ్డ అంతే ఉంది. పిల్లే తగ్గింది. డాక్టరు గారికి చూపిస్తే బాగా తినిపించమని చెప్పి పంపించారు.

ఆ సాయంత్రం వాన. కరెంటు పోయింది. కొట్టు తలుపులు దగ్గరికి వేసి, దీపం పెట్టుకుని, నీలం గౌను ఒళ్ళో పరిచాను. విప్పిన మడతలు మళ్ళీ వేసి చేత్తో కుడుతున్నాను. తడిసిన గుడ్డల వాసన, మిషను నూనె వాసన. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

టప్.

ఇప్పుడే వేసిన కుట్టు ఊడింది. మళ్ళీ వేశాను. టప్... టప్... నేను కుట్టుకుంటూ పోతుంటే, నా వెనకే ఎవరో విప్పుకుంటూ వస్తున్నారు. ఒళ్ళో గౌను బరువెక్కింది. పిల్ల ఎక్కి కూర్చున్నట్టు వెచ్చగా అయింది. భయం వేసింది. అబద్ధమెందుకు, కాస్త హాయిగా కూడా అనిపించింది.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, నా చెయ్యి పట్టుకుంది.

"కుట్టకండి," అంది గుసగుసగా. "ఎదగనివ్వండి. ఇంకొక్క మడతే కదా."

"మరి చిన్నది?"

లోపల చాప మీద చిన్నది నిద్రపోతోంది. దుప్పటి కింద పిల్ల ఉందో లేదో తెలియడం లేదు...

కత్తెర తీశాను. మెడ దగ్గర్నించి అంచు దాకా ఒకటే కోత. ఆవిడ గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. ఒళ్ళో గౌను చల్లబడింది. పీలికలు చేసి పొయ్యిలో పెట్టేశాను.

చిన్నది కోలుకుంది. నెమ్మదిగా దాని గౌను మళ్ళీ మోకాళ్ళ దాకా వచ్చింది. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. కంచం పెడుతుంది, తీస్తుంది. నేనూ ఏమీ అడగను.

ఇవాళ పట్టపగలు, చిన్నదానికి కొత్త గౌను కుడదామని స్టూలు మీద నిలబెట్టాను. భుజాలు, నడుము, పొడుగు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాని చూపు మాత్రం నా వెనక, తెర మీద ఉంది.

"నాన్నా, అక్కకి కూడా ఒకటి కుట్టవా?" అంది. "వేసుకోవడానికి ఏమీ లేదట. చలేస్తోందట."

తిరిగి చూస్తే ఎవరూ లేరు. అయినా చేతులకి అలవాటైన పని చేశాను. టేపు ఒక కొస కాలితో తొక్కిపట్టి, రెండో కొస తెర ముందు గాలిలోకి చాచాను. బతికున్నప్పుడు పెద్దది నా నడుము దాకా వచ్చేది. అంత ఎత్తులోనే పెట్టాను.

ఎవరో అందుకున్నారు.

టేపు మెల్లగా పైకి లేచింది. నా ఛాతీ దాటింది... భుజం దాటింది... బిగిసింది. కాలి కింది కొస జారిపోయింది. టేపు ఇంకా పైకి వెళ్తూనే ఉంది.