సావి ఇచ్చినదెవరు?

ఆదివారం ఉదయం పదకొండున్నర.

మత్తిగిరిలోని తన ఇంట్లో హనుమంతయ్య నేలమీద పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. టేబుల్ అంచున రక్తం. బీరువా బార్లా తెరిచి ఉంది. తాళంచెవి తాళానికే వేలాడుతోంది.

వాచీల పెట్టెలో పన్నెండు గళ్లు. పదకొండు వాచీలు.

పోయింది బంగారు కేసు ప్రిమ్ వాచీ. అరవయ్యేళ్ల కిందట చెకోస్లొవేకియాలో చేసింది. ఆ దేశమే ఇప్పుడు లేదు. చొక్కా కఫ్ కింద ఒదిగిపోయేంత పలచన. గడియారాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన హనుమంతయ్యకి ఆ పన్నెండే ప్రాణం.

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ శశికళ ఎదురుగా నాగక్క కూర్చుంది. తళి అనే ఊరి నుంచి వచ్చి ఆరు నెలలుగా హనుమంతయ్య ఇంట్లో పనిచేస్తున్న మనిషి. నిన్న సాయంత్రం అరెస్టయింది.

“బీరువా తాళంచెవి యాడుంటాది?”

“బియ్యం డబ్బాలో.”

“ఆ సంగతి ఎవురెవురికి తెలుసు?”

“ఆయనకి, నాకు.”

“వాచీలు ముట్టినావా, లేదా?”

“ముట్టలేదని అబద్దం యాల చెప్పేదమ్మా? నేనే సావి ఇచ్చినాను.”

“ఎవురికి?”

నాగక్క నాలుక కరుచుకుంది. “ఇంకేమీ అడగొద్దండి. ఒట్టు పెట్టుండాను. మనవరాలి మీద.”

నిన్న కూడా ఇంతే. హోసూరు చుట్టుపక్కల తెలుగువాళ్లకైనా, తమిళులకైనా సావి అంటే తాళంచెవి. ఎవరో దొంగకి తాళంచెవి ఇచ్చింది, పేరు చెప్పనని ఒట్టు వేసింది. ఆ ఒక్క మాటతోనే శశికళ అరెస్టు రాసింది.

రాసిన దగ్గర్నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. దొంగకి తాళంచెవి ఇచ్చిన మనిషి, హనుమంతయ్య తల ఒళ్లో పెట్టుకుని కృష్ణగిరి ఆసుపత్రి దాకా ఆంబులెన్సులో పోతుందా?

హెడ్ కానిస్టేబుల్ లింగయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. “మేడమ్, ఐదు గంటలకి కోర్టు. ఐసీయూకి ఫోన్ చేసినా. ఇంకా తెలివి రాలేదంట. ఈ రాత్రి గడిస్తే చూస్తామంటాండారు.”

గడవకపోతే హత్య కేసు. నాగక్కకి బెయిలు ఇప్పించే దిక్కు లేదు.

“జీపు తియ్యి,” అంది శశికళ.

మూడు ఇరవై. హనుమంతయ్య ఇల్లు.

ఇద్దర్ని పిలిపించింది. ఒకడు హనుమంతయ్య అన్న కొడుకు బాలాజి, మూకండపల్లిలో ఉంటాడు. రెండోవాడు జయప్రకాశ్. ఫ్యాక్టరీలో హనుమంతయ్య పక్క సీటు. అతనిదీ పాత వాచీల పిచ్చే.

“ఆమే ఒప్పుకునింది గదా మేడమ్,” అన్నాడు బాలాజి విసుగ్గా. “నాకు ఒకపూట జీతం పోతాంది.”

“మీ చిన్నాయన ప్రాణం పోతాందప్పా. కూర్చో.”

శశికళ ఇల్లంతా మళ్లీ వెతికింది. వంటింట్లో ఒక చెంచా. దాని పిడికి లావుగా గుడ్డ చుట్టి ఉంది. మూత ఉన్న స్టీలు గ్లాసు, అందులో స్ట్రా. కొక్కేనికి నాలుగు చొక్కాలు. నాలుగింటికీ గుండీలు తీసేసి టిచ్ బటన్లు కుట్టారు.

ఇది చిన్నపిల్లలు లేని ఇల్లు.

హాల్లో లింగయ్య వాచీల పెట్టె చెవికి ఆనించుకున్నాడు. “అన్నీ నిలిచిపోయినాయి మేడమ్. బ్యాటరీ వాచీలు కావు గదా. దినామూ సావి ఇయ్యాల.”

శశికళ చేతిలోని చొక్కా జారిపోయింది.

“ఏమన్నావు?”

“సావి ఇయ్యాల అన్నా. మర తిప్పి కీ ఇచ్చేది.”

నేనే సావి ఇచ్చినాను.

నాగక్క ఇచ్చింది దొంగకి తాళంచెవి కాదు, వాచీలకి కీ. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలు.

“జయప్రకాశ్, ఆదివారం ఏం జరిగిందో ఇంకోసారి చెప్పండి.”

“చెప్పినా గదా మేడమ్. పదికి వచ్చినాను. నాగక్క సంతకి పోయుండింది. బంగారు ప్రిమ్ చూపించినాడు. పది ఇరవైకి పోయినాను. అప్పుడు మనిషి బాగుండాడు.”

“బాగుండాడని ఎట్ల తెలుసు?”

“నా ముందరే సావి ఇచ్చినాడు. రెండు వేళ్లతో పట్టుకుని, నున్నగా ఇరవై చుట్లు. నా చెవికాడ పెట్టి ‘విను, పూసల మాదిరి పోతాంది’ అన్నాడు. ఏమి చేయి మేడమ్ అది! ఫ్యాక్టరీలో అట్లాంటి చేయి ఇంకొకటి లేదు.”

“ఆ రెండు వేళ్లతో ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేడు,” అంది శశికళ.

జయప్రకాశ్ ఎడమచేతి స్లీవ్ కిందికి లాక్కున్నాడు.

“చెంచా పట్టుకోలేడు. గ్లాసు ఎత్తలేడు. ఆరు నెలలుగా ఈ పన్నెండు వాచీలకీ సావి ఇచ్చేది నాగక్క. మీకెందుకు తెలీలేదు? మీ ముందర ఆయన చేతులు బయటికి తియ్యలేదు. అంతేనా?”

“శాలువా కప్పుకునుండాడు,” అన్నాడు అతను పొడిగా. “తాళంచెవి యాడుందో చెప్పి, నువ్వే తీసుకో అన్నాడు. గర్వం అనుకున్నా.”

“సావి ఇచ్చింది మీరు. ఆయనే ఇచ్చినట్టు అల్లినారు. వాచీ యాడ?”

జయప్రకాశ్ మెల్లగా ఎడమచేతి స్లీవ్ మోచేతిదాకా లాగాడు. బంగారు ప్రిమ్ అక్కడే ఉంది. నడుస్తోంది.

“పదేండ్లుగా అడుగుతాండా, అమ్మమని. ఒక్క వారం పెట్టుకోనియ్ అన్నా. లేదన్నాడు. నేను జేబులో వేసుకున్నా. అప్పుడు శాలువాలోంచి చేయి తీసి నా చొక్కా పట్టుకున్నాడు. ఆ చేయి అట్ల వణుకుతాంటే... కోపం అనుకున్నా మేడమ్. కొడతాడనుకుని తోసినా.”

లింగయ్య బేడీలు తీశాడు.

నాలుగు నలభై. స్టేషన్.

శశికళ కొత్త స్టేట్‌మెంటు చదివి వినిపించింది. నాగక్క పెన్ను కింద పెట్టేసింది.

“చేయి వణుకుతాదని నేను చెప్పినట్ల రాసినారే! నేను సంతకం పెట్టను.”

“పెట్టకపోతే నిన్ను వదల్లేను నాగక్కా. ఇరవై నిమిషాల్లో కోర్టు.”

“జైలుకే పోతా. ముప్పై ఏండ్లు ఆ చేతుల్తో వాచీలు బిగించినాడమ్మా. మాత్ర మింగేటప్పుడు నన్ను కూడా అటు తిరుగు అంటాడు. ఒట్టు తప్పి నేను బయట తిరిగేదా?”

శశికళ ఆ కాగితం చించేసింది.

ఇంకొకటి తీసి గబగబా రాసింది. చెంచా, గ్లాసు, టిచ్ బటన్లు: సోదాలో ఇన్‌స్పెక్టరు స్వయంగా గమనించినవి. నాగక్క చెప్పింది ఒక్క వాక్యమే: సంతకి పోయి పదకొండున్నరకి వచ్చినాను.

“ఇందులో ఆయన చేతుల గురించి నువ్వు చెప్పింది ఏమీ లేదు. నేను కనిపెట్టినాను. తప్పంతా నాది. సరేనా?”

నాగక్క రెండుసార్లు చదివించుకుంది. సంతకం పెట్టింది. వెంటనే లేచి చీర కొంగు దోపుకుంది.

“కృష్ణగిరి బస్సు ఎన్నింటికమ్మా?”

“జీపులో దించుతారు. కొంచెం టీ తాగు.”

“టీ వద్దు. ఆయనకి తెలివొస్తే చేతులు మొదలుపెడతాయి. అంతలోపల పోయి దుప్పటి కప్పాల.”