ఫ్రిజ్ కోసం మూడు ప్రయాణాలు

డెల్ఫీనా నాతో అన్న మొదటి మాట, "చెయ్యి తియ్యండి."

మార్చి నెల. మైల్స్ సిటీలో మా వెర్నా అత్త నడిపే, చక్రాల ఇళ్లు అద్దెకి నిలుపుకునే ట్రైలర్ పార్కులోకి ఆమె ట్రక్కు వచ్చి ఆగింది. వెనక లాక్కొచ్చిన ట్రైలర్ ఇంటి తలుపు కింద నుంచి ఆకుపచ్చని నీళ్లు కారుతున్నాయి. పార్కులో రిపేర్లన్నీ నావే కాబట్టి తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"నా పేరు ఎమ్మెట్. ఇక్కడ రిపేర్లు చేస్తాను."

"ఈ వైరింగ్ నేనే చేసుకున్నాను. నేనే చూసుకుంటాను."

"చూస్తూనే ఉన్నాను. ఏంటండీ అది, కారేది?"

"మా అమ్మ కాల్చి, గడ్డకట్టించి ఇచ్చిన పచ్చిమిర్చి. న్యూ మెక్సికోలో ఏడాదికి సరిపడా ఒకేసారి కాలుస్తాం. దారిలో ఫ్రిజ్ ఆగిపోయి సగం పోయింది." తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడింది. "నవ్వారంటే బాగుండదు."

నేను నవ్వలేదు. ఆ కళ్లు చూశాక నా పని అప్పుడే అయిపోయింది.

ఆమె నర్సు. ఒక్కో ఊళ్లో పదమూడు వారాలు ఉద్యోగం, తర్వాత ఇంకో ఊరు. పార్కులో ట్రైలర్‌కి స్తంభం నుంచి కరెంటు వస్తుంది కాబట్టి ఫ్రిజ్ చక్కగా పనిచేసింది. దాంతో ఆమె గడప తొక్కడానికి నాకు సాకు లేకుండా పోయింది. బాగున్న కుళాయినే రెండుసార్లు బాగు చేశాను.

"ఒరేయ్, ఆ పిల్లతో నోరు విప్పి మాట్లాడరా. కుళాయి ఏం పాపం చేసింది?" అంది అత్త.

జూన్ వచ్చింది. ఒక సాయంత్రం డెల్ఫీనాయే నా షెడ్డుకి వచ్చింది.

"సోమవారం ఒరెగాన్ వెళ్తున్నా. రెండు రోజుల దారి. బండి కదిలితే ఇన్వర్టర్ నాలుగు గంటలకే ఆగిపోతుంది, ఫ్రిజ్ కూడా. ఒకసారి చూస్తావా?"

"చెయ్యి తియ్యమన్నావుగా?"

"ఇప్పుడు పెట్టమంటున్నా."

చూసిన నిమిషంలోనే తప్పు దొరికింది. ఇన్వర్టర్‌కి ఫ్రిజ్ ఒక్కటే తగిలించాల్సింది, మొత్తం ట్రైలర్ వైరే తగిలించింది. ఆ కరెంటు అందగానే లోపలి ఛార్జర్ లేచి, బ్యాటరీని నింపడం మొదలుపెడుతోంది. ఏ కరెంటుతో? అదే బ్యాటరీ కరెంటుతో. పాపం ఆ బ్యాటరీ తన్ను తానే మోసుకుంటూ నాలుగు గంటలకి చతికిలపడుతోంది. ఛార్జర్ స్విచ్ ఆపేస్తే చాలు.

ఆ మాట చెప్పలేదు. "నడిపి చూడాలి," అన్నాను.

ఆమె నడుపుతోంది. బ్యాటరీ ఎంత ఉందో చూపే మీటరు పట్టుకుని నేను పక్క సీటులో కూర్చున్నాను. ఎల్లోస్టోన్ నది పక్కన వాన మొదలైంది. వైపర్లు ఊగుతుంటే ఆమె చిన్నగా ఏదో పాడుకుంటోంది. మీటరు కన్నా ఆమె చెవి పక్క జుట్టునే ఎక్కువసేపు చూశాను.

"పడిపోతోందా?" అడిగింది.

"పడిపోతోంది," అన్నాను. మీటరు సంగతి కూడా నిజమే.

రెండో రోజు మీటరు ముల్లు పెద్దగా కదల్లేదు. ఎందుకో అర్థం కాలేదు. అయినా మొహం గంభీరంగా పెట్టి, "ఇంకా కాస్త పడుతోంది. రేపు ఇంకోసారి చూద్దాం," అన్నాను. మూడో రోజూ అదే మాట అన్నాను.

ఆమె బండి పక్కకి తీసి ఆపింది.

"ఛార్జర్ స్విచ్ నిన్ననే ఆపేశాను ఎమ్మెట్. మొదటి రోజు నువ్వు దానికేసే చూస్తూ నిలబడ్డావు. రోజూ పేషెంట్ల మొహాలు చదివేదాన్ని, నీ మొహం చదవలేనా?"

నాకు చెవులు కాలిపోయాయి. "మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"నువ్వెందుకొచ్చావో అందుకే."

మీటరు పక్కన పెట్టేశాను.

"నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు," అన్నాను.

"నాకూ లేదు. కానీ అక్కడ ఒప్పుకున్నాను. మాటిచ్చి మానేసేదాన్ని నువ్వు మాత్రం ఎన్నాళ్లు నమ్ముతావు?"

సోమవారం పొద్దున వెళ్లిపోయింది. చెయ్యి ఊపాను. ఆ రెండు రోజులూ ఏ పని మీదా మనసు నిలవలేదు. ఆ ఫ్రిజ్ ఆగిపోవాలని, ఆమె దారిలోంచి వెనక్కి తిరిగి రావాలని కూడా ఒకసారి కోరుకున్నాను. వెంటనే సిగ్గుపడ్డాను.

మంగళవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"చేరాను. మిర్చి రాయిలా ఉంది. ఒక్క చుక్క కరగలేదు."

"మంచిది," అన్నాను.

"ఆ గొంతేంటి?"

"ఏం లేదు. నువ్వున్న జాగా అత్త ఎవరికీ ఇవ్వడం లేదు. పార్కు పుస్తకంలో నీ పేరే రాసేసింది. వద్దంటే నన్ను తిట్టింది."

అటువైపు క్యాలెండర్ తిప్పిన చప్పుడు వినిపించింది.

"పేరు పక్కన, వచ్చే తేదీ సెప్టెంబర్ పదిహేను అని రాయమను," అంది.

పుస్తకం తెచ్చుకుని నేనే రాశాను. ఆ పక్కన ఇంకో గడి ఉంది. "మరి, వెళ్లే తేదీ?"

"అది ఖాళీగా వదిలెయ్, ఎమ్మెట్."