ముఖం చూసి తీసిన తలుపు

ఆ ల్యాబులో తలుపు తీయడానికి ఒకటే పద్ధతి. బయట ఉన్నవాళ్లు తలుపు అద్దానికి గుర్తింపు కార్డు ఆనించి చూపించాలి. తెలిసిన ముఖమే కదా అని తీయకూడదు. ఎవరో పాతకాలపు ఆఫీసరు పెట్టిన చాదస్తమని అందరూ నవ్వుకునేవారు, అక్కడే పనిచేసే అక్క కూడా.

మధ్యాహ్నం మూడైంది. పై అంతస్తు వార్డులో చెల్లెలికి ఆరు రోజులుగా జ్వరం. దాని గొంతులోంచి తీసిన వైరస్ ఇక్కడ ఫ్లాస్కుల్లో పెరుగుతోంది. ఏ మందుకు లొంగుతుందో సాయంత్రంలోగా తేలకపోతే పిల్ల దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. తల్లి పోయాక అక్క చంకనేసుకుని పెంచిన పిల్ల అది.

మైక్రోస్కోపు కింద కణాలు ఉబ్బి, ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి. చివరి మందూ పనిచెయ్యలేదు. ఈ మాయదారి వైరస్ గోడలు పగలగొట్టదు. తెలిసిన చుట్టంలా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. కణమే లోపలికి పిలుస్తుంది. ఇక సొంత పని మానేసి, తన ఒంట్లో సరుకంతా పెట్టి, వచ్చినదానికి వేలకొద్దీ నకళ్లు తయారుచేస్తుంది. తను చస్తుంది. నకళ్లు పక్క గుమ్మానికి పోతాయి.

"ఎందుకు తీశావే, పిచ్చిమొహమా" అని అక్క ఆ కణాన్ని తిట్టి, భోరుమంది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

అద్దం అవతల చెల్లెలు. ఆసుపత్రి గౌను. వట్టి కాళ్లు.

"అక్కా... చలేస్తోందే. తియ్యవా?"

కార్డు సంగతే తోచలేదు. తీసేసింది.

గుమ్మంలో ఎవరూ లేరు. చల్లగాలి... తుప్పు వాసన... ముక్కులోంచి లోపలికి జారింది. గొంతు ఉప్పగా అయింది. కళ్లు తిరిగాయి.

తెలివొచ్చేసరికి నాలుగున్నర. నేల మీద పడి ఉంది. ఒంట్లో చుక్క నెత్తురు లేనట్టుంది. చుట్టూ తడి పాదాల గుర్తులు... లోపలికి వచ్చినవి ఒక్కటీ లేవు. అన్నీ బయటికి పోయినవే. ప్రతి ఎడమ పాదానికీ చిటికెన వేలు లేదు.

అక్క ఎడమ పాదానికీ లేదు, చిన్నప్పటి నుంచీ.

ఫోను మోగింది. వార్డు నర్సు.

"మేడమ్, జ్వరం దిగిపోయింది! సరిగ్గా మూడింటికి. లేచి కూర్చుని మీ కోసమే అడుగుతోంది."

అక్కకు ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"అరె, అప్పుడే వచ్చేశారే!" అంది నర్సు. "వార్డు తలుపు అద్దంలోంచి కనబడుతున్నారు. ఉండండి, తీస్తా."

"తియ్యకు!" అక్క గొంతులోంచి గాలే వచ్చింది. "అది నేను కాదు... నీకు దణ్ణం పెడతా, తియ్యకు..."

అవతల నర్సు గుసగుసగా అడిగింది.

"మేడమ్... వీళ్లందరిలో మీరెవరు?"

ఫోన్లో నర్సు వెనక మంచం కిర్రుమంది. చెల్లెలి గొంతు నీరసంగా, సంతోషంగా వినిపించింది.

"మా అక్కే. నేను తీస్తానుండండి."