తారు మింగిన తాళాలు

"మా ఆయన్ని నేనే చంపానని మా అన్నయ్య పోలీసులకు చెప్పాడు సార్. శవం ఇంకా ల్యాబులోనే ఉంది. రేపు నన్ను తీసుకుపోతారట."

ఆమె ఏడవలేదు. ఏడ్చేవాళ్లనే లోకం నమ్ముతుందని డిటెక్టివ్ పక్కనున్న అసిస్టెంటుకు తెలుసు. ఈమెకు ఆ తెలివి లేదు.

ఆమె భర్త రోడ్ల కంపెనీ ల్యాబులో తారు పరీక్షించేవాడు. మధ్యాహ్నం ఎవరో సుత్తితో తల పగలగొట్టారు. ఆమె అన్న అక్కడే ఇంజనీరు.

గంటలోపే ల్యాబుకు చేరారు. శవం పక్కన బల్ల మీద డబ్బా నిండా తారు, దాని మీద తాళాల గుత్తి.

"మీవేనా?" అన్నాడు డిటెక్టివ్.

"నావే," అన్నాడు ఇంజనీరు. "పొద్దున్నే గది తెరిచి, ఇక్కడ పెట్టి సైటుకెళ్లాను. మళ్లీ రాలేదు. తర్వాత వచ్చింది క్యారియర్ తెచ్చిన మా చెల్లెలే. తోడబుట్టిందని అబద్ధమాడలేను కదా."

"ముచ్చటగా ఉంది. ఈ తారు మెత్తనిదని మీ బావ గొడవ చేశాడట?"

"ఆయన చాదస్తం. రాయిలాంటి సరుకు. నేనే పాస్ చేశాను."

డిటెక్టివ్ గుత్తి ఎత్తాడు. కింద తారులో చిన్న నొక్కు. అసిస్టెంటు తారును నొక్కి చూశాడు.

"గట్టిగానే ఉంది సార్."

"నీ వేలికి ఓపిక లేదోయ్."

మర్నాడు పొద్దున్నే, శవాన్ని తరలించాక, ఇన్‌స్పెక్టర్ చేత ఆ గుత్తిని అదే డబ్బా మీద పెట్టించి, గదికి సీలు వేయించాడు. మధ్యాహ్నం దాటాక అందరినీ లోపలికి పిలిచాడు. గుత్తి మునిగిపోయింది. రింగు అంచు మాత్రం పైకి కనిపిస్తోంది.

"తారు గట్టిగా కనిపిస్తుంది గానీ, బరువు పెట్టి వదిలేస్తే మెల్లగా జారుతుంది. మెత్తనిదైతే పూటలో మింగేస్తుంది. పరీక్షల కోసం ఈ గది వేడి ఎప్పుడూ ఒకేలా ఉంచుతారు. నిన్న పొద్దుటి నుంచి ఉన్న తాళాలైతే నిన్న మేం వచ్చేసరికే మునగాలి. మీరు మధ్యాహ్నం వచ్చారు. చెల్లెలు వెళ్లాక బావ నోరు మూయించి, తాళాలు అప్పుడు పెట్టి, పొద్దున పెట్టానన్నారు."



"రోజూ తారుతో పనిచేసే ఇంజనీరు ఇంత చిన్న సంగతి ఎలా మరిచాడు సార్?" అన్నాడు అసిస్టెంటు.

"గట్టిదని ఊరంతా చెప్పీ చెప్పీ, చివరికి తనే నమ్మాడు."

బేడీలు పడ్డాక ఇంజనీరు చెల్లెలి వైపు తిరిగాడు. "అమ్మ మంచం మీద ఉంది. నా గురించి అడిగితే ఏం చెబుతావే?"

"చచ్చిపోయావని చెబుతాను అన్నయ్యా. అబద్ధం కాదులే, కాస్త ముందు చెప్పినట్టవుతుంది."

ఇన్‌స్పెక్టర్ తాళాలు లాగబోయాడు. అవి రాలేదు.