మంచులో దూడ జాడ

తొమ్మిది దాటినా మంచు లేవలేదు. చౌడేపల్లె పశువుల ఆస్పత్రికి పోయే చేలదారిలో సుబ్బలక్ష్మమ్మ పొట్టి ఆవును పట్టుకుని ముందు నడుస్తోంది. వెనక మనవరాలు నవనీత దూడను తోలుతోంది.

"ఆటోలో ఏసుకోని పోతే అయిపోయేది కదవ్వా."

"నడిస్తేనే దూడకు దారి తెలుస్తాది. నీకు యాల అంత తొందర?"

నవనీత ఫోన్ తీసింది. దూడ మెడగంట మోతకి వీడియోలో మాటలు వినపడటం లేదు. చారెడు గడ్డి పీకి గంటలో కుక్కేసింది.

వీడియో అయిపోయి తలెత్తింది. దూడ లేదు. అవ్వా లేదు. అంతా తెలుపు. పక్కనే ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది. నవనీత ఊపిరి బిగబట్టింది. ఆ చప్పుడూ ఆగింది.

"అవ్వా, దూడ కనపడలేదు."

ముందుండాల్సిన అవ్వ గొంతు వెనక నుంచి వచ్చింది. "గంట వినపడలేదా?"

"గడ్డి కుక్కినా."



"ఆడ గోడ లేని బాయి ఉండాది. పరిగెత్తితే నువ్వూ పడతావు. నిలబడి కింద సూడు."

ఆ బావికి గోడ కట్టమని ఊరంతా అడిగింది. పెద్దమనుషులు ఓట్లప్పుడు తలూపారు. అంతే.

నవనీత వంగి చూసింది. గడ్డి నిండా సాలెగూళ్లు. ఒక్కో పోగుకీ వరసగా నీటిబొట్లు. ఇన్ని గూళ్లు రోజూ ఇక్కడే ఉంటాయా? ఒకచోట మాత్రం గూళ్లు తెగి, మంచు చెదిరి, పచ్చటి చార కనపడింది. దూడ పోయిన జాడ.

అడుగులో అడుగు వేస్తూ ఆ చార వెంట నడిచింది. చార ఆగిపోయింది. అక్కడ దూడ నిలబడి ఉంది. దాని గిట్ట కింద నుంచి ఒక రాయి జారింది. చాలాసేపటికి లోపలెక్కడో నీళ్ల చప్పుడైంది.

నవనీత అరవలేదు. తడిగడ్డిలో కూర్చుని చెయ్యి చాపింది. బావిలో పావురాలు రెక్కలు కొట్టాయి. దూడ చెవులు నిక్కాయి. నవనీత కదల్లేదు.

గరుకు నాలుక అరచేతికి తగిలింది. అప్పుడు దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, గంటలోని గడ్డి పీకేసింది.

"దొరికిందా?"

"దొరికిందవ్వా."

"బిన్నా రా. డాక్టరు యాడికైనా పోతాడు."

దారిలో దూడ మళ్లీ ఆగింది. గడ్డిపోచ మీద ఒక నత్త పాకుతోంది. దూడ దాని దగ్గరికి మూతి పెట్టి వాసన చూస్తోంది. నవనీత కూడా వంగింది.

"ఉండవ్వా. ఇంగా సూస్తాండాము."