మామ్మ ఇచ్చిన సాక్షి ఉత్తరం

“కదలకు మామ్మా! కదిలితే పలక మళ్లీ మొదటికొస్తుంది” అంది ఆమని.

మామ్మ నుదుటికి తలపట్టీ బిగించి అప్పటికి గంటయింది. గోడకు ఆనించిన సాక్షిపలక మీద ఉత్తరం వరుసవరుసగా తేలుతోంది. పన్నెండు కొట్టేలోపు అది కాకినాడ రేవు దగ్గరున్న పసిపిల్లల ఇంటికి చేరాలి. ఆమనికి పదిహేడేళ్లు. అక్కడ పని దొరికితే అదే మొదటి ఉద్యోగం. ఇంక ఇరవై నిమిషాలే ఉన్నాయి.

పూర్వం ఎవరి ఉత్తరం వాళ్లే రాసుకునేవారు. తరవాత యంత్రాలు రాసిపెట్టాయి. అందరూ ఉత్తములే, అందరూ కష్టజీవులే అయ్యేసరికి ఉత్తరాలను నమ్మడమే మానేశారు. అందుకని ఈ పద్ధతి వచ్చింది: మొదటి కొలువుకు పెంచినవాళ్లే సాక్షి. నోటిమాట చెల్లదు. జ్ఞాపకమే నేరుగా పలక మీదికి దిగాలి.

మామ్మ చదువు అయిదో తరగతిలో ఆగింది గానీ, జ్ఞాపకాలకేం లోటు లేదు.

“నీ మొదటి పన్ను బుధవారంనాడు ఊడిందే. కప్పు మీదికి విసరమంటే సౌరపలకల సందులో పడిందని ఒకటే ఏడుపు. రాసుకుందా అది?”

“అన్నీ రాసుకుంటుంది. ఉద్యోగానికి పనికొచ్చేది తలుచుకో మామ్మా, నీకు దణ్ణం పెడతాను!”

“పసిపిల్లల దగ్గర పనే కదా...” అంటూ మామ్మ చటుక్కున ఆగిపోయింది. నోరు ఆగింది గానీ తలపు ఆగలేదు. పలక రాసేసింది:

‘పదకొండో ఏట, ఏడాది నిండని చెల్లెలు తుషారను వంటింట్లో వదిలేసి ఆటకు పోయింది. గంజి ఒలికి పసిదాని పాదం కాలింది. మామ్మే ఒలకబోసిందని తల్లితో చెప్పింది.’

ఆమని ఆ వరుసలు చదివింది. ఆ రోజు మామ్మ తలొంచుకుని “అవును, నేనే” అంది. ఆరేళ్లయినా అమ్మ కోపం చల్లారలేదు. “మీరు పొయ్యి దగ్గరికి రాకండి అత్తయ్యా” అని రోజూ దెప్పుతూనే ఉంది. మామ్మ పల్లెత్తు మాట అనలేదు.

“చెరిపెయ్యవే” అంది మామ్మ.

“చెరగదు. మరుపుమీట నొక్కాలి. నొక్కితే అది నీ తల్లోంచే పోతుంది.”

దుఃఖం మోయలేని సాక్షుల కోసమని పలక మూల ఆ మీట పెట్టారు. జ్ఞాపకం పోతే, ఉత్తరంలోంచి ఆ వరుసా పోతుంది.

“పోతే పోనీ. బుర్రలో ఇంత చెత్తుంది, ఒకటి తగ్గితే ఏం కొంప మునుగుతుంది? నొక్కు!”

“వద్దు మామ్మా.”

“ఉద్యోగం కావాలా, వద్దా?”

ఆరు నిమిషాలు. అయిదు. ఆమని కళ్లు మూసుకుని నొక్కింది. మామ్మ ఒకసారి కనురెప్పలార్చి, “ఎంతవరకొచ్చామే? పన్ను దగ్గర ఆగాం కదూ?” అంది.

మూడోనాడు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పాలని ఆమని పరుగున ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మామ్మ తుషార పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, పాత మచ్చకు కొబ్బరినూనె రాస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

“నొప్పి లేదు మామ్మా, ఎప్పుడో తగ్గిపోయింది” అంటోంది తుషార.

“చంటిదాన్ని చేతులారా కాల్చుకున్నానే తల్లీ! నా చేతులు పడిపోనూ!”

మీట తీసేసింది ఆ ఒక్క రోజునే. ఆరేళ్లపాటు కోడలు అన్న మాటలన్నీ అలాగే ఉన్నాయి. అవి అబద్ధమని చెప్పే జ్ఞాపకం ఇప్పుడు మామ్మ దగ్గర లేదు.

ఆమని మామ్మ పక్కకు వచ్చింది. “నువ్వు కాదు మామ్మా! నేను. నేనే ఆటకు పోయాను. నేనే నీ మీద చెప్పాను.”

మామ్మ నూనె చేత్తోనే మనవరాలి బుగ్గ నిమిరింది.

“ఊరుకోవే పిచ్చిదానా. నన్ను ఓదార్చాలని ఆ నింద నువ్వెందుకు మోస్తావు? నాకు బాగా గుర్తుంది. ఆ గిన్నె వేడి ఇంకా నా చేతికి తెలుస్తోంది.”