లోవమ్మ కట్టెలు

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేపుతున్న రోజులవి. కొవ్వూరు గట్టు కింద నాకు కట్టెల అడితి ఉండేది. పొయ్యిలోకీ, కాటిలోకీ కూడా నా దగ్గరే కొనేవారు.

ఓ మధ్యాహ్నం చేపలమ్మే లోవమ్మ ఖాళీ తట్ట దించి, కొంగుముడి విప్పి నా ముందు డబ్బులు పోసింది.

“నా చావుకండి సత్తియ్యగారూ. ముందే ఇచ్చేస్తున్నాను. ఎండిన చింతకట్టెలు, ఓ కొత్త చీర. నిప్పు మీరే పెట్టాలి.”

“ఇప్పుడేం తొందరొచ్చింది లోవమ్మా?”

“మా ఆయన్నీ, పెళ్ళీడుకొచ్చిన మా బుల్లబ్బాయినీ ఒకే రోజు వరద తీసుకుపోయిందండి. శవాలు దొరకలేదు. వాళ్ళకి లేని నిప్పు నాకైనా ఉండాలి కదండి. నీళ్ళంటే నాకు భయం బాబూ.”

చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. ఆవిడ ఎదురుగానే కట్టెలు ఏరి పాక చివర విడిగా పేర్చాను. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వచ్చి వాటిని ఓసారి తడిమి చూసుకుని పోయేది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎనిమిదో రోజున ఓ పెద్ద రైతు ఇంటివాళ్ళు వచ్చారు. తండ్రి పోయాడట. ఊళ్ళో ఎక్కడా పొడి కట్టె లేదు. మూడింతలు ఇస్తామన్నారు. లోవమ్మ నిక్షేపంలా తిరుగుతోంది కదా, ఎండలు రాగానే మళ్ళీ పేరుద్దాంలే అనుకున్నాను. ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే లోవమ్మ పోయింది.

ఏటి ఒడ్డున నానిన కట్టెల మీదే పడుకోబెట్టాను. ఎంత నెయ్యి పోసినా పొగే తప్ప మంట లేదు. ఇంతలో ఎగువనుంచి నీళ్ళొచ్చాయి. నా కళ్ళముందే చితి కదిలింది. కొత్త చీర కొంగు కాసేపు పైన తేలింది. తర్వాత అదీ లేదు.

అప్పట్నించీ నాకు అన్నం సయించలేదు. వరద తీశాక ఎండిన చింతకట్టెలు వెతికి తెచ్చాను. ఆవిడ శవానికి బదులు దర్భలతో బొమ్మ కట్టి, పొద్దుగూకే వేళ ఇసుకలో చితి పేర్చాను. ఒక్కణ్ణే. నిప్పు పెట్టగానే అంటుకుంది. ఏటి మీంచి బురదవాసన, దాంతో కలిసి చేపల నీచు. గాలి లేదు. నీళ్ళు మాత్రం చప్పుడు చేస్తున్నాయి... ఎవరో మోకాలి లోతులో నడిచి వస్తున్నట్టు.

మంటకి అవతల లోవమ్మ నిలబడి ఉంది.

చీరలోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ చాపి కాచుకుంటోంది.

“తప్పయిపోయింది లోవమ్మా...”

“వెచ్చగా ఉందండి,” అంది. అంతే. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ వెనక నీళ్ళలోంచి ఇంకో ఇద్దరు వచ్చారు. ఓ పెద్దాయన. ఓ పడుచువాడు. మొహాలు తెలియలేదు... మొహాలు ఉండాల్సిన చోట ఇసుక. పడుచువాడి చేతుల్లో ఓ పసిబిడ్డ. ఏడవటం లేదు.

“ఆ బిడ్డ... ఎవరు?”

లోవమ్మ నావైపు జాలిగా చూసింది.

“ఇంకా పేరు పెట్టలేదండి.”

ఇల్లు ఎలా చేరానో తెలీదు. నా భార్య రామతులసి దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొక్కని దేవుడు లేడు.

“ఏమండీ, మంత్రసాని చూసి వెళ్ళింది. మూడో నెలట!”

నేను వెనక్కి తిరిగి ఏటివైపు చూశాను. ఆమె నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

“సంతోషంగా లేదా మీకు?”

“ఉంది తులసీ,” అన్నాను. ఏడుపు ఆగలేదు. సంతోషమే అనుకుని ఆమె నా కళ్ళు తుడిచింది.

అప్పుడు వినిపించింది, లోపలి గదిలోంచి. ఎవరో బిడ్డని జోకొడుతున్న చప్పుడు... మెత్తగా... ఆగి ఆగి...

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.